అక్టోబరు పద్దెనిమిది

రోజూ పొద్దున్నే ఆరింటికి ఆయన చేసే మొదటి పని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పడం. కాఫీ కంటే ముందు అదే. ముందుగదిలో స్టూలు లాక్కుని కూర్చుని, స్విచ్ వేసి, తెర కింద మూలనున్న తేదీని నొక్కి, నాలుగేళ్ళు వెనక్కి తిప్పి, అక్టోబరు పద్దెనిమిది దగ్గర ఆపుతాడు. ఆ తర్వాతే డిజైన్ల సాఫ్ట్‌వేర్ తెరుస్తాడు. అది అమాయకంగా నమ్మేస్తుంది. పంతొమ్మిదిన దాని గడువు తీరిపోయింది. కాబట్టి ఆ ఇంట్లో పంతొమ్మిదో తేదీ రాకూడదు.

ఆయన కుట్టుమిషన్ల మెకానిక్. భార్య ఎంబ్రాయిడరీ డిజైనరు. టోపీల మీద క్లబ్బుల గుర్తులు, స్కూలు చొక్కాల మీద బ్యాడ్జీలు, ఆసుపత్రి కోట్ల జేబుల మీద పేర్లు. సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ మలుపు తిరగాలో కంప్యూటర్‌లో గీసిపెట్టేది ఆవిడే. వెనక గదిలో ఆరు సూదుల మిషన్ ఆ గీతల ప్రకారం కుట్టుకుంటూ పోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఒకటే సాఫ్ట్‌వేర్. మొదట కొన్నదే. తర్వాత ఏటా చందా కట్టమన్నారు, కట్టారు. ఆఖరికి ఇక దీన్ని మేం చూసుకోం, కొత్తది తీసుకోండి అని కంపెనీ ఉత్తరం ముక్క పంపి చేతులు దులుపుకుంది. కొత్తది నెల రోజులు వాడి చూసింది ఆవిడ. బటన్లన్నీ చోట్లు మారిపోయాయి. పాత డిజైన్లు సగం తెరుచుకోలేదు. పని చేసుకు బతికేవాళ్ళ చేతిలోంచి పనిముట్టు లాగేసుకుంటే ఏమవుతుందో, ఆ ఉత్తరం రాసినవాడు ఏనాడూ ఆలోచించి ఉండడు. ఆయనే నెట్ వైరు పీకేసి, దాని మూతికి టేపు చుట్టి, ఈ తేదీ ఉపాయం కనిపెట్టాడు.

"మన కంప్యూటర్‌కి వయసు రాదండీ, మనకే వస్తోంది," అని మొదట్లో నవ్వేది ఆవిడ.

ఆ రోజు పొద్దున ఆయన తేదీ తిప్పి లేవబోతుంటే కూతురు వచ్చి వెనక నిలబడింది. మందుల షాపులో ఉద్యోగం. డ్యూటీ చొక్కా వేసుకుని మొహం మాడ్చుకుని ఉంది. నిన్న డాక్టరు దగ్గర్నుంచి వచ్చినప్పటినుంచీ తండ్రితో మాట లేదు.

"ఇంకా ఆ నాటకం ఆపవా నాన్నా?"

"ఇందులో నాటకం ఏముంది? ఫుట్‌బాల్ వాళ్ళ టోపీలు ఎల్లుండికి ఇవ్వాలి."

"నిన్న డాక్టరు ఏమన్నాడో విన్నావా, లేదా?"

విన్నాడు. ఈమధ్య ఆవిడ స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోవడం, తాళంచెవి చేత్తో పట్టుకునే దానికోసం ఇల్లంతా వెతకడం చూసి, కూతురే పట్టుబట్టి తీసుకెళ్ళింది. గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమన్నాడు డాక్టరు. ఆవిడ నున్నటి వలయం గీసి, అంకెలు అచ్చు గుద్దినట్టు పేర్చింది. నేరుగా మిషన్ ఎక్కించెయ్యొచ్చు, అంత అందంగా ఉంది. ముళ్ళు మాత్రం పెట్టలేదు. "ఇవాళ తేదీ ఎంతమ్మా?" అంటే తడుముకోకుండా చెప్పింది. అక్టోబరు పద్దెనిమిది, మంగళవారం. సంవత్సరం కూడా చెప్పింది, నాలుగేళ్ళ కిందటిది. గోడ మీద క్యాలెండరులో మార్చి నెల ఉంది.

ఆయన పెద్దగా నవ్వేసి, "అది మా కంప్యూటర్ తేదీ డాక్టరుగారూ, రోజంతా అదే చూస్తుంది," అన్నాడు. డాక్టరు నవ్వలేదు. మందుల చీటీ రాసి చేతికిచ్చాడు. ఆ చీటీ ఇంటికి రాగానే ఆయన డ్రాయరులోకి వెళ్ళిపోయింది.

"నాలుగేళ్ళుగా కళ్ళ ముందు ఒకటే తేదీ ఉంటే ఎవరైనా అదే చెప్తారు," అన్నాడు ఇప్పుడు. "తప్పు నాది. మీ అమ్మది కాదు."

"ముళ్ళు పెట్టలేదు నాన్నా. అదీ కంప్యూటరే నేర్పిందా?"

"మాటకి మాట బాగా నేర్చావు."

"ముందే మందు మొదలెడితే కొంతైనా ఆగుతుందన్నాడు. నువ్వేమో తేదీ తిప్పితే ఆగుతుందనుకుంటున్నావు."

ఆయన నూనె డబ్బా తీసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి మిషన్ చప్పుడు మొదలైంది.

కూతురు స్టూలు మీద కూర్చుంది. సరే, నాన్న అన్నట్టే చూద్దాం అనుకుంది. తెర మీద ఇవాళ్టి తేదీ ఉంటే అమ్మ అదే చెప్తుంది. అప్పుడు డాక్టరుదే తప్పని తనే ఒప్పుకుంటుంది. సాఫ్ట్‌వేర్ మూసి, తేదీని ముందుకు తిప్పి, మార్చి ఇరవై దగ్గర ఆపి, మళ్ళీ తెరిచింది. తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చింది. మీ గడువు ముగిసింది. కింద ఒకటే బటన్, సరే అని.

అప్పుడే తల్లి కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. సరే నొక్కింది. పెట్టె పోయింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ వచ్చింది. సరే నొక్కింది. విసుక్కోలేదు. ముడిపడిన దారం విప్పుతున్నంత ఓపికగా నొక్కుతూనే ఉంది.

"అమ్మా, కింద మూల తేదీ చూడు. ఎంతుంది?"

"మార్చి ఇరవై."

కూతురికి ప్రాణం లేచొచ్చింది. "మరి ఇవాళ ఎంత?"

"దీనికేదో అయిందే. తేదీ తప్పు చూపిస్తోంది. నాన్నని పిలువు." ఇటు తిరిగి కూతుర్ని ఎగాదిగా చూసింది. "నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటి? పదింటికి పరీక్ష పెట్టుకుని?"

కూతురు ఆ పరీక్ష రాసి నాలుగేళ్ళయింది. పాసయింది, ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగానికి ఇచ్చిన చొక్కా జేబు మీద షాపు పేరు కుట్టింది తల్లే. ఆ తల్లే ఇప్పుడు చెయ్యి చాచి ఆ జేబుని వేళ్ళతో తడిమింది. అక్షరాల అంచులు, దారం బిగువు, అన్నీ చూసింది.

"పని బాగుంది," అంది. "ఎవరు చేశారో గానీ, చెయ్యి తిరిగినవాళ్ళు."

కూతురు పెదవి కొరుక్కుంది. వెనక మిషన్ ఎప్పుడు ఆగిందో తెలియదు. గుమ్మంలో తండ్రి నిలబడి ఉన్నాడు, చేతిలో నూనె గుడ్డ.

"తేదీ మార్చావా?"

"మళ్ళీ తిప్పేస్తే సరిపోతుందనుకున్నా నాన్నా."

"సరిపోదు. అసలు తేదీ ఒక్కసారి చూసిందంటే సాఫ్ట్‌వేర్ మరిక మన మాట నమ్మదు." ఆయన గొంతులో కోపం లేదు. గోడకి చేరగిలబడ్డాడు. "నాకు తెలుసమ్మాయ్. నిన్న కాదు, ఏడాదినుంచి తెలుసు. ఒకరోజు మీ అమ్మ నన్ను పట్టుకుని, మెకానిక్ గారూ, మావారు ఎప్పుడొస్తారు అని అడిగింది. తర్వాత అంతా సర్దుకుంది. నీకు చెప్పలేకపోయాను."

"నాన్నా..."

"ఈ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఒక్క కుట్టు తప్పు పోదు. చెయ్యి దానంతటదే వెళ్తుంది. లేచి వంటింట్లోకి వెళ్ళిందా, ఇక దారి తెలీదు. ఇది కూడా పోతే మీ అమ్మ ఎక్కడ కూర్చుంటుంది, చెప్పు?"

కూతురు ఏడుపు ఆపుకోలేకపోయింది. తల్లి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "పరీక్షకి ఏడుస్తారటే? ఏమండీ, దానికి ధైర్యం చెప్పండి," అంది.

ఆయన బీరువా తెరిచి బాబిన్ల డబ్బా తీశాడు. అడుగున గుడ్డలో చుట్టి ఒక డిస్కు ఉంది. సాఫ్ట్‌వేర్ బాగున్న రోజుల్లో దాచిపెట్టిన నకలు. స్క్రూడ్రైవరుతో కంప్యూటర్ పెట్టె విప్పి, పాతది తీసి అది బిగించి, ముందుగా తేదీ వెనక్కి తిప్పాడు. కూతురు సెల్‌ఫోన్ లైటు పట్టుకుంది. సాఫ్ట్‌వేర్ తెరుచుకోగానే తల్లి కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆవిడ చెయ్యి తెర మీద టోపీ గుర్తు అంచు పట్టుకుని జంకు లేకుండా సాగిపోయింది.

"ఇంకో డిస్కు ఉందా నాన్నా?"

"ఇదే ఆఖరిది."

ఆయన డ్రాయరు లాగి, డాక్టరు రాసిన చీటీ తీసి, మడతలు సాఫు చేసి కూతురి చేతిలో పెట్టాడు.

మర్నాడు ఆరింటికి ఆయన ముందుగదిలోకి వచ్చేసరికి స్టూలు మీద కూతురుంది.

"వెనక్కి నాలుగేళ్ళేగా నాన్నా?"

"నాలుగే. తొందరపడకు. ముందు తేదీ, తర్వాతే సాఫ్ట్‌వేర్."

అక్టోబరు పద్దెనిమిది వచ్చింది. తల్లి కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. కూతురు గ్లాసుతో నీళ్ళూ ఒక మాత్రా అందించింది.

"ఇవాళేగా నీ పరీక్ష?"

"అవునమ్మా. మధ్యాహ్నానికి మార్చారు. ముందు ఈ మాత్ర వేసుకో."

"పరీక్ష నీకైతే మాత్ర నాకెందుకే?" అని నవ్వింది తల్లి. నవ్వుతూనే వేసుకుంది. "భయపడకు. బాగా రాస్తావు."

"రాస్తానమ్మా," అంది కూతురు. రేపు కూడా రాస్తుంది. ఎల్లుండి కూడా.