తెల్ల శంఖుపూల కాయలు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం నీళ్లు ఎక్కువైన మజ్జిగలా పల్చగా, తెల్లగా ఉంది. కురవాలో వద్దో తేల్చుకోలేక మబ్బులు మన్సూరాబాద్ ఇళ్ల మీదే చాలాసేపు తచ్చాడాయి. సింధూర వాళ్లు బస్సు దిగేసరికి అవి ఎటో వెళ్లిపోయాయి. ఎండ చురుక్కుమంది.

సింధూర ఐదో తరగతి. తమ్ముడు అభిరామ్ మూడు. నాన్న మధుకర్ కొత్తపేటలో చీరల షాపులో పనిచేస్తాడు. ఆయనకు సెలవు దొరకడమే అరుదు. పోచంపల్లి దగ్గరి ఊరి నుంచి నానమ్మ అండాలమ్మ కూడా వచ్చింది కదా అని, నలుగురూ ఎల్బీనగర్‌లో బస్సు ఎక్కి మన్సూరాబాద్‌లోని పాత మఠం చూడటానికి వచ్చారు.

ఒకప్పుడు అక్కడ స్వాములు ఉండేవాళ్లు. ఇప్పుడు ఎవరూ లేరు. వాళ్లు పడుకున్న రాతి గదులను మ్యూజియం చేశారు. వాళ్లు మందుల కోసం పెంచిన మొక్కల తోట మాత్రం వెనకాల ఇంకా పచ్చగా ఉంది.

ఒక గదిలో గాజుపెట్టె లోపల పెద్ద కవ్వం పెట్టారు. నానమ్మ దాన్ని అటు నుంచి, ఇటు నుంచి చూసింది.

"గిసొంటిది మా ఇంట్ల గూడ ఉండె. చూసెతందుకు ఎవ్వలు టికెట్ పెట్టలే" అంది.

"నిన్ను గూడ గాజుపెట్టెల కూసోబెడితే మస్తు టికెట్లు అమ్ముడుపోతయ్ నానమ్మా" అన్నాడు అభిరామ్.

"నీ నోరు పాడుగాను!" అని నానమ్మ వాడి నెత్తిమీద మెల్లగా ఒకటి వేసింది.

తోటలోకి రాగానే నానమ్మ నడక మారిపోయింది. పేర్లు రాసిన రేకుల వంక చూడలేదు. ఆమెకు చదువు రాదు. మొక్క దగ్గరికి వంగి వాసన చూసి, "అడ్డసరం. దగ్గుకు మంచిది" అనేది. నాన్న రేకు చదివి, "కరెక్టే అమ్మా" అనేవాడు. నల్లేరు దగ్గర ఆగిపోయి, తన మోకాళ్ల నొప్పుల కథ మొదలుపెట్టింది. ఆ కథ సింధూరకు నోటికి వచ్చు. అందుకే తమ్ముణ్ణి తీసుకుని ముందుకు నడిచింది.

గోడ పక్కన వెదురు పందిరి ఉంది. దాని నిండా శంఖుపూల తీగలు ఒకదానికొకటి చుట్టుకుని అల్లుకున్నాయి. నీలం పూలు అక్కడక్కడ విచ్చుకుని ఉన్నాయి. మిగతావన్నీ ఎండుతున్న కాయలు. 'పూలు కోయరాదు' అని బోర్డు ఉంది. సింధూర కోయలేదు. కానీ ఒకటి చూసింది. కొన్ని కాయల తొడిమలకు సన్నటి నల్ల రబ్బరు ముక్కలు కట్టి ఉన్నాయి.

నానమ్మ ఊళ్లో చీర నేసే ముందు నూలును అక్కడక్కడ ఇలాంటి రబ్బరు ముక్కలతోనే బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. తర్వాత కట్లు విప్పితే అక్కడ తెల్లగా ఉంటుంది. సెలవులకు వెళ్తే ఆ విప్పే పని పిల్లలదే. అందరిలోకి సింధూర వేళ్లు చురుకు. ఒక్క కట్టు మిగిలినా నానమ్మ ఊరుకోదు.

సింధూర వేళ్లు వాటంతట అవే కదిలాయి.

"ఎందుకు ఇప్పుతున్నవక్కా?" అన్నాడు అభిరామ్.

"పని అయిపోయినంక ఇప్పేది మర్చిపోయిండ్రు. ఎట్ల బిగించిండ్రో చూడు, పాపం తొడిమలు."

తీగ కదలకుండా, కాయ రాలకుండా ఒక్కొక్కటే విప్పింది. మొత్తం పదకొండు. వాటిని జేబులో వేసుకుంది. ఎవరికో సాయం చేసినట్టు హాయిగా అనిపించింది.

నానమ్మ, నాన్న అక్కడికి వచ్చేసరికి తోటమాలి గుండయ్య కూడా వచ్చాడు. బక్కపల్చటి ముసలాయన. చేతిలో ఖాళీ కాగితం పొట్లం ఉంది. పందిరి దగ్గర నిలబడి కాయలను తడిమాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. పొట్లం పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాడు.

"ఏమైంది పెద్దయ్యా?" అన్నాడు నాన్న.

"గుర్తులన్ని పోయినయ్ సారూ. గిండ్ల తెల్లపూల తీగ ఒక్కటి ఉంటది. మఠమోళ్ల కాలం నాటి ఇత్తనం. తెల్లపువ్వు పూసినప్పుడే దాని తొడిమకు రబ్బరు కట్టిపెట్టిన. ఇయ్యాల గవ్వి తెంపి ఇత్తనం తీద్దామనుకున్న. పూలు రాలినంక అన్ని కాయలు ఒక్క తీరుగనే ఉంటయ్."

"మళ్లా పూసినప్పుడు కట్టొచ్చు గదా?"

"తీగ ముసల్ది సారూ. వచ్చే ఏడు పూస్తదో లేదో. కోతులు పీకేసినట్టున్నయ్."

"కోతులు అంతే. మా ఊర్ల గూడ ఏది ఉంచయి" అంది నానమ్మ.

అభిరామ్ అక్క వంక చూశాడు. సింధూర జేబులో చెయ్యి పెట్టుకుంది. రబ్బరు ముక్కలు వేళ్లకు చుట్టుకున్నాయి. ఏమీ అనకపోతే అందరూ వెళ్లిపోతారు. కోతులు వచ్చి కాదనవు. గుండయ్య తాత మాత్రం ఖాళీ పొట్లం పట్టుకుని వెళ్తాడు.

"పా బిడ్డా, ఆకలైతలేదా?" అంది నానమ్మ.

సింధూర కదలలేదు.

"కోతులు కాదు తాతా. నేనే ఇప్పిన." చెయ్యి బయటికి తీసి చాపింది. "నూలుకు కట్టినట్టుంటే... పని అయిపోయిందనుకున్న."

నాన్న ముఖం ఎర్రబడింది. "ఎన్నిసార్లు చెప్పిన నీకు? అడగకుండ అన్నిట్ల చెయ్యి పెడ్తవ్!"

"అరువకు రా మధూ. గా వేళ్లకు నేర్పింది నేనే" అంది నానమ్మ.

గుండయ్య ఆ రబ్బరు ముక్కల వంక చూశాడు. తిట్టలేదు. అదే సింధూరకు ఎక్కువ బాధ అయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నానమ్మ పందిరి దగ్గరికి వెళ్లి ఒక తొడిమను గోటితో మెల్లగా తడిమింది. ఇంకొకటి తడిమింది. మూడో దాని దగ్గర ఆగింది.

"ఇటు రా. నాకు సరిగ కండ్లు గానయ్. గీడ ఏమన్న కనవడుతుందా?"

సింధూర వంగి చూసింది. తొడిమ చుట్టూ సన్నటి గీత ఉంది. చుట్టూ ముదురు రంగు, గీత ఉన్నచోట మాత్రం పాలిపోయి ఉంది.

"నూలు తీరుగనే నానమ్మా! కట్టు ఉన్నకాడ రంగు ఎక్కలే!"

"మరింకేంది? ఎతుకు."

సింధూర కళ్లు తుడుచుకుని వెతికింది. గీత కనిపించినచోటల్లా రబ్బరు మళ్లీ కట్టింది. ఈసారి కట్టే ముందు, "ఇది కట్టాల్నా తాతా?" అని అడిగింది. గుండయ్య వంగి చూసి తల ఊపాకే ముడి వేసింది. అభిరామ్ పందిరి కిందికి దూరి అటువైపు నుంచి కాయలు చూపించాడు. ఎండకు మెడ కాలింది. ఎవరూ పోదామనలేదు. నాన్న కూడా తీగలు పైకెత్తి పట్టుకున్నాడు.

పది కాయలకు గీత దొరికింది. చేతిలో ఒక్క రబ్బరు ముక్క మిగిలింది. మూడు కాయలు పక్కపక్కనే ఉన్నాయి. మూడింటి తొడిమలూ ఒక్కలాగే ఉన్నాయి, దేనికీ గీత సరిగ్గా కనిపించలేదు.

"ఏదో ఒకదానికి కట్టెయ్ బిడ్డా. నువ్వు గింత కష్టపడ్డవ్" అన్నాడు గుండయ్య.

సింధూర మూడింటినీ మళ్లీ చూసింది. మధ్యదే అయి ఉంటుందనిపించింది. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది. ఆగింది.

"నాకు తెల్వదు తాతా" అంది. రబ్బరు ముక్కను ఆయన అరచేతిలో పెట్టింది.

గుండయ్య దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. పది కాయలు తెంపి పొట్లంలో వేసి, మడత సింధూరతోనే పెట్టించాడు. తర్వాత తన టిఫిన్ డబ్బా తెచ్చుకుంటానని లేచాడు.

"మాతోనే తిను అన్నా. పులిహోర మస్తుగున్నది" అంది నానమ్మ.

వేపచెట్టు పక్కన నల్లా ఉంది. అందరికంటే ముందు సింధూర అక్కడికి వెళ్లి వెనక్కి తిరిగింది.

"తాతా, ఈ నల్లా తిప్పనా?"

"తిప్పు బిడ్డా, తిప్పు" అని గుండయ్య నవ్వాడు.

చేతులు కడుక్కుని ఐదుగురూ రాతి అరుగు మీద కూర్చున్నారు. నానమ్మ అందరికీ పులిహోర పెట్టింది. గుండయ్య డబ్బా మూత తీసి, తన జొన్నరొట్టెను ఐదు ముక్కలు చేసి తలా ఒకటి అందించాడు. అందరికీ ఆకలి దంచేస్తోంది. నాన్న తన పళ్లెంలోని పల్లీలన్నీ ఏరి సింధూర పళ్లెంలో వేశాడు. ఆమె వాటిని ఒక్కొక్కటే నమిలి తింది.