బాలమ్మ మలుపు చీరలు

ధర్మవరం నుంచి పెనుకొండ వచ్చే దారిలో బాలమ్మ మలుపంటే చీకటి పడ్డాక ఎవరూ హారన్ కూడా కొట్టరు. కొడితే బాలమ్మ లేస్తుందట! లారీ కింద పడి చచ్చినావిడ, ఎర్రచీర కట్టుకుని దారి పక్కన నిలబడి వచ్చే బండిని పిలుస్తుందట. పిలిస్తే ఇంక పోవడమే... తిన్నగా రోడ్డు కింద పారే వంకలోకి.

ప్రమాదం జరిగినప్పుడల్లా పోలీసులొచ్చి ‘అతివేగం’ అని రాసుకుని పోయేవాళ్ళు. ఊరివాళ్ళు బాలమ్మకు చీర చుట్టి పోయేవాళ్ళు. అక్కడితో అందరి పనీ తీరిపోయేది. బుర్ర వాడే అవసరం ఎవరికీ పడలేదు.

పీరాకు వీళ్ళంటే రోత. వంకలో పడ్డ బండ్లను ట్రాక్టరుతో పైకి లాగడం అతని పని. ఏ బండిని లాగినా ధర్మవరం వైపు నుంచి వచ్చిందే! పెనుకొండ వైపుది ఒక్కటీ పడలేదు.

“ఏమప్పా, మీ దెయ్యానికి ధర్మవరమోళ్ళంటేనే కోపమా?” అని టీ అంగట్లో ఎగతాళి చేసేవాడు. ఆ చీరల వైపు కన్నెత్తి చూడడం కూడా నామోషీ అనుకునేవాడు.

ఒకనాడు పొద్దు గూకాక ఫోనొచ్చింది. పట్టుగూళ్ళతో హిందూపురం పోతున్న వ్యాను పడిందట. పీరా కూతురు ఫర్హానా, ఇన్నాళ్ళూ బస్సులో వచ్చే పిల్ల, కొత్త స్కూటీ మీద చీకట్లో మొదటిసారి ధర్మవరం నుంచి ఆ దారినే వస్తోంది. ఫోను చేస్తే ఎత్తలేదు.

మలుపు దగ్గర డ్రైవరు దానియేలు కూర్చుని వణుకుతున్నాడు. పెద్దగా దెబ్బలు లేవు.

“ఆయమ్మను చూస్తినన్నా... ఎర్రచీర... లైటు పడంగానే కొంగు ఊపె...”

“చూసినోనివి బ్రేకెయ్యలేదేమబ్బా?”

“ఈడ మలుపుండాదని తెలిస్తే గదా! దోవ నేరుగా పోతాదనుకుంటి.”

పీరా టార్చి వేశాడు. రోడ్డు మీద బ్రేకు గీత ఒక్కటీ లేదు. ధర్మవరం వైపు నుంచి వచ్చేవాళ్ళకు మలుపుందని చెప్పే బాణం బోర్డు ఉండాలి కదా... ఏదీ?

టార్చి పైకెత్తాడు.

నిలబడి ఉంది — మనిషికంటే ఎత్తుగా. తల లేదు. చీర కింద పాదాలు లేవు. గాలికి కొంగు అతని వైపే లేచింది...

ఇన్నాళ్ళ ఎగతాళీ ఎటు పోయిందో! వెనక్కి తిరిగి పరుగు తీయబోయాడు. అంతలో ధర్మవరం వైపు నుంచి స్కూటీ చప్పుడు.

పీరా కళ్ళు మూసుకుని మీదపడి కొంగు పట్టి లాగాడు. చేతికి చల్లటి ఇనుప పైపు తగిలింది. చీర కింద చీర, దాని కింద ఇంకో చీర! బాలమ్మ పోయినచోట పాతిన బోర్డుకే ఊరంతా మొక్కులు చుట్టింది.

“థూ! దోవ చూపించేదానికి గంతలు కడతారేమిరా, ఎర్రి ముండాకొడుకులారా!” అంటూ పరపరా చించేశాడు. ఆఖరు చీర ఊడగానే స్కూటీ లైటు పడి బాణం తళుక్కుమంది.

స్కూటీ నెమ్మదించింది. మలుపు తిరిగింది. పక్కకొచ్చి ఆగింది.

పీరా చీరలు ఒళ్ళో వేసుకుని అక్కడే చతికిలబడ్డాడు. ఫర్హానా హెల్మెట్ తీసి, అతని ఒళ్ళో ఉన్న చీరల కుప్పను చూసి బిత్తరపోయింది.

“నాయనా... పైనుండే చీర ఎందుకిప్పితివి? నా బండికేమీ కాకూడదని అమ్మ పొద్దున్నే వచ్చి కట్టిపోయె గదా!”