సుద్దగీత చెరిగిన రోజు

"అత్తయ్యా... నాకు గుర్తు రావడం లేదు" అంటూ కోడలు కత్తెర బల్ల మీద పెట్టేసింది.

ఎదురుగా పరిచిన నీలం గుడ్డ మధ్యాహ్నపు ఎండలో కదలని నీళ్లలా ఉంది. మామయ్య పోయేముందు, కూతురి పెళ్లికి తను కోటు కుట్టించుకోవాలని కొని దాచిన గుడ్డ అది. నాన్న గుర్తుగా ఆ కోటు తనే వేసుకుంటానంది పెళ్లికూతురు. ఒక్క కోటుకే సరిపోతుంది. తప్పు కత్తిరిస్తే అలాంటిది మళ్లీ దొరకదు. పెళ్లికి మూడు రోజులే ఉంది. దర్జీపనిలో తలపండిన అత్తయ్యేమో మెట్ల మీద జారి కుడిచేతికి కట్టు కట్టించుకుంది. చేయి విరిగిన అత్త, చేయి తిరగని కోడలు, ఇక నా కోటుకు చేతులెక్కడివని ఆడపడుచు పొద్దున్నే ఎత్తిపొడిచి వెళ్లింది. కోడలు నవ్వబోయి ఏడ్చేసింది.

గుర్తురానిది, కోటు చేయి భుజానికి కలిసేచోటి వంపు. దాన్ని కత్తిరించడం కాపురానికొచ్చిన కొత్తలో ఈ బల్ల మీదే నేర్చుకుంది. అప్పుడు సుద్దగీత లేకుండానే కత్తిరించేది. మిషను టకటకల్లో, ఇస్త్రీపెట్టె ఆవిరి మబ్బుల్లో పన్నెండేళ్లు కలలా జారిపోయాయి... నేర్చుకున్నది మాత్రం చెప్పాపెట్టకుండా పుట్టింటికి వెళ్లిపోయినట్టుంది.

"నా బుర్రే మొద్దుది" అంది కళ్లొత్తుకుంటూ.

"మొద్దు నీ బుర్ర కాదమ్మా, నా ముద్దు."

అత్తయ్య మెల్లగా చెప్పుకొచ్చింది. ఆ కొత్తలో కోడలు ఒక చొక్కా పాడుచేసిందట. ఆ చిన్నబోయిన ముఖం చూడలేక, ఆ రోజు నుంచీ ప్రతి గుడ్డ మీదా తనే సుద్దతో గీసిచ్చిందట. గీత వెంట కత్తెర నడిచింది గానీ కోడలి మనసు నడవాల్సిన పనే లేకపోయింది.

"గుర్తుంచుకునే అవసరమే నీకు రానివ్వలేదు... తప్పు నాదే తల్లీ."

ఎడమచేత్తో సుద్దముక్క తీసి చెత్తబుట్టలో పడేసింది. పాత వార్తాపత్రికల కట్ట బల్ల మీదికి తోసి, తన కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

కోడలు కత్తిరించిన మొదటి కాగితం బోర్లాపడ్డ బొచ్చెలా వచ్చింది. రెండోది ఏనుగు చెవి. కోడలు అదే చెబితే, గోడవైపున్న వీపు నవ్వుతో ఊగింది. ఆరో కాగితం దగ్గర, ఎక్కడో దూరం నుంచి ఎవరో పిలిచినట్టు వేళ్లు ఆగాయి... తర్వాత వాటంతటవే తిరిగాయి. ఏడోదీ అలాగే వచ్చింది. అప్పుడు ఊపిరి బిగపట్టి నీలం గుడ్డలోకి కత్తెర దించింది.

"అయింది అత్తయ్యా. కానీ మీ వంపులా లేదు."

అత్తయ్య ఇటు తిరిగి, కత్తిరించిన అంచు వెంట బొటనవేలు నడిపింది. ఆమె కళ్లు నిండాయి.

"పన్నెండేళ్ల కిందట నువ్వు కత్తిరించిన వంపే ఇది. ఎక్కడికీ పోలేదమ్మా... ఇన్నాళ్లూ నా గీత కింద ఉండిపోయింది."