నలభై సెకన్ల నవ్వు

డిసెంబరు వచ్చేసరికి నా చేతులకి పట్టిన జిగురు సబ్బుకి కూడా వదలదు. నవంబరు మొదటి వారం నుంచీ ఒకటే పని. స్ప్రూస్ కొమ్మలు కత్తిరించడం, సమాధుల మీద పేర్చడం, గాలికి ఎగిరిపోకుండా ఇనప తీగ వంచి గుచ్చడం. క్రిస్మస్ చెట్టు కొమ్మలే ఇవి. చలికాలమంతా పోయినవాళ్ళకి ఇదే దుప్పటి. మా చర్చి తోటలో నాలుగు వందల పన్నెండు సమాధులున్నాయి. నాకున్నవి రెండు మోకాళ్ళు, అందులో ఒకటి మాట వినదు.

డెన్మార్క్ పడమటి తీరంలో, సముద్రం హోరు తప్ప ఇంకేమీ వినిపించని ఊరు మాది. ఈ తోటకి కాపరిగా నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళు. గుంట తవ్వేదీ నేనే, పూలు నాటేదీ నేనే, గడువు తీరాక రాయి పెకలించేదీ నేనే. అస్థికల కుండకి పదేళ్ళు గడువు. ఆ తర్వాత ఇంటివాళ్ళకి ఉత్తరం వెళ్తుంది, ఉంచుకుంటారా, వదిలేస్తారా అని. చాలామంది జవాబు కూడా రాయరు. రాయి తీసి వెనక గోడకి చేర్చి, నేల చదును చేసి, గడ్డి విత్తనాలు చల్లేస్తాను. కొత్తలో ఏడుపొచ్చేది. ఇప్పుడు అదే మంచి పద్ధతి అనిపిస్తోంది. ఎంతకాలమని గుర్తుండాలి ఎవరైనా?

ఈ మాట హోల్గర్ దగ్గర మాత్రం అనను.

హోల్గర్‌కి డెబ్భై ఆరేళ్ళు. చేపల పడవల ఇంజన్లు బాగుచేసీ చేసీ చెవులు సగం పోగొట్టుకున్నాడు. అతనికి ఒక్కతే కూతురు, టిల్డె. పందొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. ఆ పిల్ల బతికున్నన్నాళ్ళూ తన ఫొటోలు, పాటలు, అల్లరి అంతా ఇంటర్నెట్‌లో పెట్టుకునేది. హోల్గర్ అవన్నీ ఏరించి, ఒక కంపెనీ చేత ఆమె పేరు మీద జ్ఞాపకాల పేజీ చేయించాడు. సమాధి మీద రాయి నేలకి ఆనించి పడుకోబెట్టిన పలక. దాని మూలన చిన్న ఉక్కు బిళ్ళ, బిళ్ళ మీద క్యూఆర్ కోడ్. ఫోను చూపిస్తే టిల్డె పేజీ తెరుచుకుంటుంది.

మొదటి ఏడాది ఆ పేజీలో మూడు వందల మంది ఏవేవో రాశారు. రెండో ఏడాది నలభై మంది. పోయిన పుట్టినరోజుకి రాసింది ఒక్క హోల్గరే. కానీ అతను రోజూ వచ్చేవాడు. మధ్యాహ్నం మూడింటికి ఆ రాయి పక్కన మడత కుర్చీ వేసుకుని, టాబ్లెట్‌లో ఒకే ఒక్క వీడియో పెట్టుకునేవాడు. నలభై సెకన్లు. వంటింట్లో పుట్టినరోజు కేకు ముందు టిల్డె కూర్చుని ఉంటుంది. ముక్కు మీద క్రీము. పగలబడి నవ్వుతుంది. చివర్లో, "చాలు నాన్నా, ఆపెయ్. నిద్రొస్తోంది" అంటుంది. తొమ్మిదేళ్ళు కలుపు తీస్తూ ఆ నవ్వు విన్నాను. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా నాకు కంఠతా వచ్చు.

అక్టోబరులో రెండు జరిగాయి. హోల్గర్ టాబ్లెట్ కిందపడి పగిలింది. ఆ వారమే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మూసేస్తున్నాం, డిసెంబరు ఒకటో తారీఖు సాయంత్రం నాలుగింటికి పేజీలన్నీ చెరిపేస్తాం, కావలసినవాళ్ళు ఈ లోపల దాచుకోండి అని. ఎలా దాచుకోవాలో, ఏ నంబరు కొట్టాలో అంతా అందులోనే ఉంది.

"నాకీ తలనొప్పి అర్థం కాదు డోర్తె. నువ్వు చేసిపెట్టు" అని ఆ కాగితం నా చేతిలో పెట్టాడు.

"సరే" అన్నాను. తర్వాత కొమ్మల పనిలో పడ్డాను. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ నెలరోజులు నెట్టేశాను.

ఒకటో తారీఖున, మధ్యాహ్నం మూడు దాటాక, పనిముట్ల గదిలో కాఫీ తాగుతున్నాం. రోజూ అతను వచ్చే వేళే అది.

"టిల్డె పేజీ ఇవాళ దాచేస్తాను" అన్నాను, అతని మొహం చూడకుండా.

"తొందరేం లేదు."

మా వైపు ఇల్లు తగలబడుతున్నా ఇదే మాట అంటారు. అందుకని నేను పట్టించుకోలేదు.

"నీ మోకాలు నీకంటే ముందు పోయేట్టుంది. దానికి చోటు చూసి పెట్టుకున్నావా?" అని నవ్వాడు.

"గోడ పక్కన ఒకటి ఖాళీగా ఉంది. మీకు కావాలంటే చెప్పండి, వదులుకుంటా" అన్నాను. తలకి కట్టుకునే టార్చి పెట్టుకుని బయటికి నడిచాను.

పొద్దు వాలిపోతోంది. సముద్రం మీంచి పొగమంచు లోపలికి వచ్చేసింది. తడి మట్టి వాసన, స్ప్రూస్ వాసన. టిల్డె సమాధి దగ్గరికి వెళ్ళి నిలబడగానే నన్ను నేనే తిట్టుకున్నాను. రెండు వారాల కిందట నేనే కప్పాను దాన్ని. పాపం హోల్గర్ కూతురు కదా అని మిగతావాటి కంటే మందంగా, మూడు వరసలు, మధ్యలో నాచు, అంచున కాయలు. రాయి కనపడట్లేదు, బిళ్ళ కనపడట్లేదు. ఇన్నేళ్ళ అనుభవం ఉండి, తెరవాల్సిన తలుపు మీదే దుప్పటి కప్పాను.

మోకాళ్ళ మీద కూర్చుని తీగలు పీకడం మొదలుపెట్టాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఒక్కో కొమ్మా పక్కన పెడుతుంటే కింద నుంచి వెచ్చగా గాలి తగిలింది. కుళ్ళిన ఆకుల వేడి అనుకున్నాను. కానీ వాసన ఆకులది కాదు. వెనిల్లా వాసన. కేకు వాసన.

అలసట వల్ల అనుకున్నాను. చాలా అలిసిపోయి ఉన్నాను మరి.

రాయి బయటపడింది. బిళ్ళ తుడిచి ఫోను చూపించాను. అప్పటికి నాలుగింటికి తొమ్మిది నిమిషాలు తక్కువ. పేజీ తెరుచుకుంది. జడలేసుకున్న టిల్డె. పడవలో టిల్డె. చదువు పూర్తయిన రోజు తెల్లటోపీతో టిల్డె. ఉత్తరంలోని నంబరు కొట్టాను. వీడియో పక్కన ఆకుపచ్చ బొత్తం వచ్చింది, 'దాచు' అని.

నొక్కే ముందు, సరైన వీడియోనే కదా అని ఒకసారి పెట్టి చూశాను.

కేకు. క్రీము. నవ్వు. ఊపిరి తీసుకునే చోటే ఊపిరి తీసుకుంది. "చాలు నాన్నా, ఆపెయ్. నిద్రొస్తోంది."

నలభై సెకన్లు.

నలభై ఒకటి...

నలభై రెండు...

వీడియో ఆగలేదు. వంటిల్లు అలాగే ఉంది. కుర్చీలో టిల్డె అలాగే ఉంది. మొహం మీద నవ్వు మాత్రం మెల్లగా దిగిపోయింది. రోజంతా నిలబడి పనిచేసిన మనిషి ఇంటికొచ్చి కూలబడితే మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. కళ్ళకింద నలుపు.

"ఇంకా ఆపలేదా?" అంది.

ఆ గొంతు పందొమ్మిదేళ్ళ పిల్లది కాదు. టిల్డె గొంతే. కానీ తొమ్మిదేళ్ళు పెద్దదైంది.

ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాను.

"నాన్న లేడా ఇవాళ?"

వీడియోకి ఎవరు జవాబిస్తారు? ఆ పిల్ల కళ్ళు అటూ ఇటూ వెతికి, సరిగ్గా నా మీదికొచ్చి ఆగాయి.

"డోర్తె" అంది. "కలుపు తీసే డోర్తె."

పొగమంచులో సముద్రం హోరు కూడా ఆగిపోయినట్టుంది. నా ఊపిరి నాకు వినిపిస్తోంది. లేచి పరిగెత్తుదామంటే మోకాలు లేవలేదు.

"రోజూ లేపుతాడు" అంది టిల్డె. గుసగుసగా, కోపం లేకుండా. "కేకు ముందు కూర్చోబెడతాడు. నవ్వాలి. నాకు బుగ్గలు నొప్పెడుతున్నాయి, డోర్తె."

ఫోను కింద పెట్టబోయి, పెట్టలేకపోయాను.

"నెల దాటింది నన్నెవరూ లేపక. పైన ఏదో కప్పారు. చీకటిగా, మెత్తగా ఉండింది. ఎంత బావుండిందో..."

నాలుగింటికి నాలుగు నిమిషాలు తక్కువ. ఆకుపచ్చ బొత్తం వెలుగుతూనే ఉంది. నొక్కితే హోల్గర్‌కి కూతురు మిగుల్తుంది. ఆ ముసలాయనకి ఇంకేమీ లేదు. మాటిచ్చాను. బొటనవేలు బొత్తం దాకా వెళ్ళింది.

"వద్దు" అంది. అంతే. బతిమాలలేదు కూడా. బతిమాలే ఓపిక లేదు ఆ పిల్లకి.

నాకు ఏడుపొచ్చింది. అలాంటి అలసట నాకు తెలుసు. మా అమ్మ చివరి నెలలో అదే మొహంతో చూసేది నా వంక. బొటనవేలు వెనక్కి తీసుకున్నాను.

"పడుకో తల్లీ. ఇంక నిన్నెవ్వరూ లేపరు" అన్నాను.

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. అప్పుడే చర్చి గంట మొదలైంది. పొద్దుగుంకేవేళ గంట అది, చలికాలంలో నాలుగింటికి దానంతటదే మోగుతుంది. చివర్న మూడు దెబ్బలు... మూడు... మళ్ళీ మూడు. తొమ్మిదో దెబ్బకి పేజీ తెల్లబడిపోయింది. ఇంకోసారి బిళ్ళకి ఫోను చూపించాను. ఏమీ రాలేదు.

"పడుకో తల్లీ. ఇంక నిన్నెవ్వరూ లేపరు" అని మళ్ళీ అంటూ కొమ్మలన్నీ తిరిగి పేర్చాను. మూడు వరసలూ. ఇంకో వరస ఎక్కువే వేశాను.

గదిలోకి వెళ్ళేసరికి హోల్గర్ రెండో కాఫీ పోసుకుని, దాల్చిన చెక్క బిస్కెట్ల డబ్బా తెరిచి పెట్టాడు. నేను టోపీ కూడా తియ్యకుండా నిలబడే చెప్పేశాను.

"దాచలేకపోయాను హోల్గర్. గంట కొట్టేసింది. పేజీ పోయింది. తప్పు నాదే. నెలరోజులు టైమిచ్చారు మీరు."

తిడతాడనుకున్నాను. తిడితే బావుండేది. అతను చెంచా పక్కన పెట్టి నవ్వాడు.

"తొందరేం లేదని చెప్పానుగా."

"అంటే?"

"పోయిన మంగళవారం లైబ్రరీ ఆవిడ మొత్తం తీసి ఇచ్చింది. కొత్త టాబ్లెట్ కూడా ఆవిడే కొని, ఇవాళే చేతికిచ్చింది. నీ మీద నమ్మకం లేక కాదు. నీకు నాలుగొందల సమాధులు. నాకు ఒక్కటే కదా." కోటు లోపల్నుంచి టాబ్లెట్ తీశాడు. "ఐదు చోట్ల ఉందిప్పుడు. లైబ్రరీలో ఒకటి, మా చెల్లెలి దగ్గర ఒకటి... నేను పోయినా ఇది ఎక్కడికీ పోదు."

నేను కుర్చీలో కూలబడ్డాను. వద్దు అనేలోపే అతను వీడియో పెట్టాడు. చెవులు పోయినవాడు కదా, శబ్దం పూర్తిగా పెంచాడు. గది నిండా టిల్డె నవ్వు. హోల్గర్ పెదాలు ఆమెతో పాటే కదిలాయి. "చాలు నాన్నా, ఆపెయ్. నిద్రొస్తోంది."

అది ఆగలేదు.

కొమ్మలు పక్కకి లాగుతున్న చప్పుడు. ఎవరిదో ఆయాసం. తర్వాత గంట. మూడు... మూడు... మూడు.

హోల్గర్ కనుబొమ్మలు ముడేశాడు. "అరే, గంట! ఇన్నేళ్ళూ విన్నాను, ఇది ఎప్పుడూ వినపళ్ళేదే. కొత్త టాబ్లెట్ కదా, శబ్దం బాగా పట్టినట్టుంది."

గంట తర్వాత ఒక ఆడ గొంతు, సన్నగా, ఏడుపుతో వణుకుతూ. "పడుకో తల్లీ. ఇంక నిన్నెవ్వరూ లేపరు."

నా గొంతు. పది నిమిషాల కిందటిది. పోయిన మంగళవారం తీసిన వీడియోలో.

ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, టిల్డె.

హోల్గర్ టాబ్లెట్‌ని చెవికి ఆనించుకున్నాడు. "చివర్లో ఏదో గొణుగుతోంది. నా పాడు చెవులకి అందట్లేదు. ఏమంటోంది డోర్తె?"

'మరి లేపారేం, డోర్తె?' అంది టిల్డె.

"నిద్రొస్తోందంటోంది" అన్నాను.

"పిచ్చిపిల్ల" అన్నాడు హోల్గర్. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.

వెళ్ళేటప్పుడు నా అరచేతిలో చిన్న మెమరీ స్టిక్ ఒకటి పెట్టి వేళ్ళు మూశాడు. "ఐదోది నీకే. నా తర్వాత కూడా ఎవరో ఒకరు వింటూ ఉండాలి దాన్ని. మాటివ్వు" అన్నాడు. ఇచ్చాను. ఆ ఒక్క సాయంత్రం ఇద్దరికి మాటిచ్చాను.

హోల్గర్ ఫిబ్రవరిలో పోయాడు. కూతురి పక్కనే పెట్టాను అతన్ని. మెమరీ స్టిక్ నా పనిముట్ల గదిలోనే ఉంది, సొరుగులో, ఇనప తీగల కింద. ఇంతవరకూ దాన్ని దేనికీ తగిలించలేదు. ఆ గది తాళం నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. పొద్దున్నే సొరుగు తీస్తే తీగలన్నీ మంచుగడ్డల్లా ఉంటాయి. అది మాత్రం వెచ్చగా ఉంటుంది.