క్వారీ అడుగున కాపలా గది

ఆ క్వారీకి మంచి పేరు లేదు. పగలు చూస్తే నీలంగా, ముద్దొచ్చేలా ఉంటుంది. పొద్దు వాలిందంటే దాని ఒడ్డున కాళ్లు కడుక్కునేవాడు కూడా ఉండడు.

రాళ్లు తవ్వుతుండగా ఒకరోజు అడుగున ఊట తన్నుకొచ్చిందట. అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తారు. కాపలాదారు మాత్రం కొత్త చెప్పులు మరిచిపోయానని తన గదికి వెనక్కి వెళ్లాడు... అంతే. ఆ గది ఇప్పటికీ యాభై అడుగుల లోతున ఉంది. చీకట్లో అటు వెళ్తే ఎవరో లైటు ఊపి, కిందికి రమ్మని సైగ చేస్తారట.

ఇది మా బాబాయి చెప్పగా విన్నది. పక్కన కూర్చుని పిన్ని సరిదిద్దింది కాబట్టి సగమైనా నిజమే అయ్యుంటుంది.

పిన్ని అక్కడ స్కూబా డైవింగ్ నేర్పే ట్రైనర్. బాబాయి ఆమె శిష్యుడు. ఇంట్లో "ఏమండీ" అనే మనిషి, ఒడ్డు మీద మాత్రం ఆయన్ని "మూడో నంబరూ" అనేది. ఆయన "మేడం" అనాలి.

రాత్రి డైవింగ్ పరీక్ష బాబాయి అప్పటికే రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ ఒకటే పొరపాటు — నీళ్లలో జోడీని వదిలేసి ఒక్కడే పైకొచ్చేశాడు. ఆ పనిలో అంతకు మించిన నేరం లేదు. మూడోసారి తప్పితే ఇక సిలిండరు ముట్టుకోనివ్వనని పిన్ని తేల్చి చెప్పింది. ఆయనతో జోడీ కట్టడానికి ఎవరూ ఒప్పుకోకపోయేసరికి తనే దిగింది.

సాయంత్రం ఏడైంది. ఆకాశం నిండా మబ్బు.

"మూడో నంబరూ, లైటు గుండ్రంగా తిప్పితే ఏంటి?"

"బాగున్నావా అని, మేడం. అవతలివాళ్లూ తిప్పితే బాగున్నామని."

"బొటనవేలు?"

"పైకి చూపిస్తే పైకి పోదామని. కిందికైతే కిందికి."

"గది గుమ్మం ముట్టుకుని వచ్చేయాలి. లోపలికి వెళ్లొద్దు. కప్పు రేకులు తుప్పు పట్టి జల్లెడయ్యాయి."

తాడు పట్టుకుని దిగారు. చలి... చీకటి... సొంత ఊపిరి చప్పుడు. గుమ్మం దాకా బాగానే వెళ్లారు. అక్కడ బాబాయి కాళ్లకు తొడిగిన రబ్బరు రెక్కలు అడుగున మట్టిని లేపాయి. పక్కనున్న పిన్ని మాయమైంది.

ఆయన చుట్టూరా వెతికాడు. గది లోపల మసగ్గా ఒక వెలుగు కదిలింది. వెళ్లొద్దని చెప్పింది ఆవిడే, వెళ్లింది కూడా ఆవిడేనా అనుకుంటూ లోపలికి దూరాడు. తల ఎత్తి చూశాడు.

పైకప్పు దగ్గర ఒక మనిషి. బోర్లా తేలుతూ... చేతిలో లైటుతో... తననే చూస్తోంది.

హమ్మయ్య, పిన్నే! లైటు గుండ్రంగా తిప్పాడు. ఆవిడా తిప్పింది. బొటనవేలు పైకి చూపించాడు — పోదాం పద.

ఆవిడ బొటనవేలు కిందికి చూపించింది.

మళ్లీ పైకి చూపించాడు. మళ్లీ కిందికే. ఈయన గట్టిగా ఊపితే ఆవిడా గట్టిగా ఊపింది.

"అప్పుడు నాకు అనుమానమే లేదురా. పెళ్లయిన ఇన్నేళ్లలో నా మాట ఎప్పుడు వింది? కచ్చితంగా మీ పిన్నే అనుకున్నా."

వదిలేసి వెళ్తే పరీక్ష పోతుంది. పరీక్ష సంగతలా ఉంచి, ఆవిడ్ని అలా వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు. రెండు నిమిషాలు అక్కడే నిలబడి వాదించాడు. ఇంతలో... వెనక నుంచి ఎవరో మడమ పట్టుకున్నారు.

తిరిగి చూశాడు. గుమ్మంలో పిన్ని!

మరి పైనున్నది...?

అరవబోయి రెండు గుక్కల నీళ్లు తాగాడు. పిన్ని మెడ పట్టుకుని ఈడ్చుకొచ్చింది.

ఒడ్డున బట్టలు మార్చుకుని, ఫ్లాస్కులో టీ అంతా అయిపోయాక ఆయన జరిగిందంతా చెప్పాడు. విన్న పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది.

"అది అద్దం, మూడో నంబరూ! మనం వదిలిన ఊపిరి పైకి పోయి కప్పు కింద చేరుతుంది. ఆ గాలి పొర కింద నుంచి చూస్తే అద్దంలా మెరుస్తుంది. అందులో పైకి చూపిస్తే కిందికే కనిపిస్తుంది. నీతో నువ్వే పోట్లాడుకున్నావు!"

బాబాయి ముఖం మాడిపోయింది. "అయితే నేను ఫెయిలా, మేడం?"

"లోపలికి వెళ్లినందుకు తిట్లున్నాయి. కానీ జోడీ అనుకున్నదాన్ని వదల్లేదుగా. పాస్."

ఫారం తీసి నవ్వుతూనే రాయసాగింది. సగంలో పెన్ను ఆగింది.

"ఆ అద్దం ఎంత మేర ఉంది?"

"ఈ గోడ నుంచి ఆ గోడ దాకా."

"కాసేపయ్యాక కనిపించిందా?"

"లేదు మేడం, అడుగు పెట్టగానే."

పిన్ని నవ్వు ఆగిపోయింది. రెండు నిమిషాల ఊపిరికి పళ్లెమంత అద్దం కూడా అవ్వదు. జల్లెడ రేకుల కింద గాలి ఒక్క పూటైనా నిలవదు. వానలకి క్లాసులు ఆపేశాక, రెండు నెలలుగా ఆ నీళ్లలో ఎవరూ దిగలేదు.

మెల్లగా క్వారీ వైపు లైటు వేసింది. సరిగ్గా గది ఉన్నచోట బుడగలు లేస్తున్నాయి. కాసిని... ఆగి... మళ్లీ కాసిని. ఊపిరి తీసి వదిలినంత తాపీగా.

పిన్ని బాబాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ," అంది గుసగుసగా, "ఇంటికి పోదాం పదండి."