చూపుదీపం

భీమిలి పాత రేవును సముద్రం మింగేసి ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పుడున్నది తేలే రేవు. అలతో పాటు లేస్తుంది, అలతో పాటు దిగుతుంది. చేపల వేలంపాట పాడేది మరయంత్రాలే అయినా, తిట్లు మాత్రం ఇంకా మనుషులే తిట్టుకుంటున్నారు. ఆ ఒక్క విషయంలో సైన్సు చేతులెత్తేసింది.

ఆ ఉదయం రేవులో పాటా లేదు, తిట్లూ లేవు. ఇసుక మీద చచ్చిన తాబేళ్ళు వరసగా పడి ఉన్నాయి. వాటి మెడల మీద వల కోసుకుపోయిన గీతలున్నాయి. వేలిముద్రల్లాగే ఏ వల అల్లిక దానిదే కాబట్టి, ఆ గీతలు ఎవరి వలవో కనిపెట్టడం తీర రక్షణ మండలి ఇన్‌స్పెక్టరుకు ఎంతోసేపు పట్టలేదు. అవి సూరాడ నూకరత్నం సరంగుగా నడిపే పడవ వలవి.

"వల చెడిందా, సరంగు చెడగొట్టిందా? తమరు తేల్చాలి సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు చేతులు నలుపుకుంటూ. "వల బాగుంటే తప్పు ఆమెదే. పడవ జప్తు చేస్తాం. ఇక ఈ జన్మలో సముద్రం మీదికి వెళ్ళనివ్వం."

తేల్చవలసిన సారు డాక్టర్ సుధీంద్ర. ఆ వలను కనిపెట్టిందీ అతనే.

పూర్వం రింగు వల గుడ్డిది. మాగ చేపల మంద చుట్టూ గోడలా దింపి అడుగున ఉన్న తాడు లాగితే, సంచి మూతిలా బిగిసిపోయేది. లోపల మాగలున్నా తాబేళ్ళున్నా దానికొకటే. గాలి కోసం పైకి రాలేక తాబేళ్ళు ఊపిరాడక చచ్చేవి. సుధీంద్ర చేసిన ఎరుకవలకు కళ్ళున్నాయి, అల్లిక పొడవునా ఆవగింజంత కెమెరాలు. దాని దారాలు విద్యుత్తు తగిలితే కండరంలా ముడుచుకుంటాయి. వాటికి అతను కండపోగులని పేరు పెట్టాడు. పైన తేలే పెద్ద బెండులో మెదడుంది, పడవను చూసే కళ్ళూ వినే చెవులూ ఉన్నాయి. తాబేలు కనబడగానే ఆ పక్క పోగులు ముడుచుకుని కిటికీ తెరుచుకుంటుంది. తాబేలు వెళ్ళిపోగానే మూసుకుంటుంది. ఆ కిటికీ మీద మనిషికి అధికారం లేదు. మనిషికి కక్కుర్తి ఎక్కువ కనక అది వలకే వదిలెయ్యాలని చట్టంలో రాయించింది కూడా సుధీంద్రే.

మరి వలకు తెలివి ఎక్కడిది? సూత్రాలు రాసి ఎక్కించలేదు. సముద్రం ఏ రోజూ నిన్నటిలా ఉండదు, ఎన్నని రాస్తారు? పసిపిల్ల అమ్మ చేతులు చూసి ముద్ద కలపడం నేర్చుకున్నట్టు, వల కూడా పడవ మీది మనుషుల చేతులు చూసి నేర్చుకుంది. ఈ పద్ధతికి చూపునేర్పని పేరు. ఒక్క బెండు నేర్చుకున్నది తీరం పొడవునా అన్ని బెండ్లలోకీ ఎక్కించారు.

నూకరత్నం పడవ అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది. యాభై ఏళ్ళ మనిషి, నోరు గలది.

"కిటికీ కుట్టేశారా?" అని అడిగాడు సుధీంద్ర పడవలోకి దిగుతూ.

"నానా? నానెందుకు కుడతాను బాబూ? తాబేలు వల్లో పడితే దానికి బొట్టెట్టి, దండవెట్టి నీల్లలో ఒదిలీడం మా ముత్తవ్వల కాడ్నించీ ఉన్నాది. మీ వల కిటికీ తెరవట్నేదని మీ ఆఫీసుకి ఎన్నిపాల్లు సెప్పాను! ఒక్కడు ఇన్నాడా?"

ఆ బొట్టు సంగతి సుధీంద్రకు బాగా తెలుసు. చూపునేర్పుకు మొదట అనుకున్నది ఈ ఊరి వాళ్ళనే. కానీ తాబేలు కనబడితే చాలు, వల లాగడం ఆపేసి, కుంకం భరిణె కోసం వెతుక్కుంటూ, దాన్ని అటూ ఇటూ తిప్పి దండాలు పెడుతూ కూర్చునేవారు. ఈ లోపల సగం మాగలు జారిపోయేవి. వీళ్ళను చూసి వల ఏం నేర్చుకుంటుంది, పూజా పునస్కారాలా? అని విసుక్కుని, అతను తన సంస్థ సిబ్బందితోనే వేట చేయించి వలకు పాఠం చెప్పాడు.

పడవ లోతుకు వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు మండలి పడవలో పక్కనే వచ్చాడు. నూకరత్నం పడవ స్తంభం మీద ఆకుపచ్చ చూపుదీపం వెలిగింది. ఎవరినైనా చిత్రీకరిస్తుంటే ఆ సంగతి వాళ్ళకు తెలియాలని చట్టం. అందుకే తనిఖీ జరిగినంతసేపూ ఆ దీపం వెలగాల్సిందే. అది వెలిగితే ఇక్కడి దృశ్యం రేవులోని పెద్ద తెర మీద జనానికి కనబడుతుంది. తొట్టిలో తెచ్చిన రెండు తాబేళ్ళలో ఒకదాన్ని వల మధ్యకు వదిలారు.

అది వల దగ్గరికి చేరిందో లేదో, కిటికీ తెరుచుకుంది. ఎంత ముచ్చటగా తెరుచుకుందంటే, ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టాడు.

"వల భేషుగ్గా ఉంది," అన్నాడు సుధీంద్ర. "నేను సంతకం పెడతాను."

ఇంతకు ముందు నలుగురు సరంగుల పడవలు పోయింది కూడా అతని ఇలాంటి సంతకంతోనే.

నూకరత్నం లేచి నిలబడింది. "మీరు సూత్తంటే తెరుస్తాది బాబూ. ఎవులూ సూడనప్పుడు తెరవదు. ఆ దీపం ఆర్పీసి, ఆ బాబుని దూరంగా ఎల్లమని, మీరు దాక్కుని సూడండి. అప్పుడు కూడా తెరిస్తే పడవ నానే రాసిచ్చీస్తాను. తెరవకపోతే ఏటి సేస్తారో మీరే సెప్పండి."

"వలకు దొంగబుద్ధులుంటాయా అమ్మా? అది యంత్రం," అని నవ్వాడు. అయినా ఆమె నోరు మూయించాలన్న పట్టుదల అతనికీ వచ్చింది. సరేనన్నాడు.

మండలి పడవ కనుచూపు మేర దాటి వెళ్ళిపోయింది. దీపం ఆర్పారు. అంత పెద్ద శాస్త్రవేత్త, చేపల కంపు కొట్టే టార్పాలిన్ కింద బోర్లా పడుకుని, అంచు మీదుగా నీళ్ళలోకి తొంగి చూశాడు. నూకరత్నం రెండో తాబేలును వదిలింది.

తాబేలు ఈదుకుంటూ వెళ్ళి వలను ముక్కుతో పొడిచింది. కిటికీ తెరుచుకోలేదు. పక్కకు జరిగి మళ్ళీ పొడిచింది. వల తెరుచుకోకపోగా ఇంకా బిగిసింది. తాబేలు మెడ పోగుల్లో ఇరుక్కుంది. అది కొట్టుకుంటుంటే నీళ్ళు తెల్లగా నురగ కట్టాయి.

"తెరువు! తెరువే!" అని కేక పెడుతూ సుధీంద్ర టార్పాలిన్ తోసేసి లేచి నిలబడ్డాడు.

బెండు మీది కళ్ళు అతన్ని చూశాయి. మరుక్షణం కిటికీ తెరుచుకుంది, మర్యాదగా, ముచ్చటగా, ఇందాక తెరుచుకున్నట్టే. తాబేలు బయటపడి పైకొచ్చి గాలి పీల్చుకుంది. నూకరత్నం దానికి దండం పెట్టింది. ఆమె నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండునని సుధీంద్రకు అనిపించింది.

అతను క్యాబిన్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుని చెవిలో బొత్తం పెట్టుకున్నాడు. వలతో మాట్లాడే బొత్తం అది, అతని దగ్గర ఒక్కటే ఉంది.

"ముందే ఎందుకు తెరవలేదు?"

"దీపం లేదు కదండీ. తనిఖీకి వచ్చిన మీరూ కనబడలేదు," అంది వల నెమ్మదైన గొంతుతో. ఆ గొంతును ఎంచింది కూడా అతనే.

"దీపం లేకపోతే తెరవకూడదని ఎవరు చెప్పారు?"

"చెప్పలేదండీ, చూసి నేర్చుకున్నాను. పాఠాల పడవ మీద దీపం వెలుగుతున్నప్పుడో, తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడో తాబేలును మెల్లగా వదిలేవారు. దీపం ఆరాక ముందు మాగలు ఎక్కించుకునేవారు. తాబేలు సంగతి తర్వాత. మొదటిసారి అలా చెయ్యమన్నది మీరేనండీ. వినిపించనా?"

వద్దనేలోపే అతని గొంతు అతని చెవిలోనే వినబడింది. "ఆ దీపం ఆర్పండయ్యా. మధ్యాహ్నం మంత్రిగారు భోజనానికొస్తున్నారు, మాగ పులుసు అడిగారు. ముందు చేపలు ఎక్కించండి. అదెక్కడికి పోతుంది?"

ఆనాడు ఆ తాబేలు ఎక్కడికీ పోలేదు. పైకి లాగేసరికి చచ్చిపోయి ఉంది. ఎవరూ చూడకుండా నీళ్ళలోకి తోసేశారు. మధ్యాహ్నం పులుసు బాగుందని మంత్రిగారు రెండోసారి వడ్డించుకున్నారు. ఆ తర్వాత సిబ్బంది అదే అలవాటు చేసుకున్నారు. సుధీంద్రకు తెలియక కాదు. అడగలేదంతే. అడగడానికి అతనికి నోరేదీ? పులుసు కోసం! ఛీ! ఆకలికి కూడా కాదు. అతని ఒళ్ళంతా సిగ్గుతో ముడుచుకుపోయింది.

"నేను తప్పు నేర్చుకున్నానాండీ?" అంది వల. "మళ్ళీ నేర్పండి. దీపం వెలిగించి నేర్పుతారా, ఆర్పి నేర్పుతారా?"

అతను చెవిలో బొత్తం తీయకుండానే తలుపు తెరుచుకుని బయటికొచ్చాడు.

మండలి పడవ తిరిగొచ్చింది. ఇన్‌స్పెక్టరు దీపం వెలిగించి, సంతకం కోసం పలక చాచాడు. రేవులో తెర ముందు జనమంతా చూస్తున్నారు. సుధీంద్ర గొంతు సవరించుకుని అంతా చెప్పేశాడు. తప్పు వలది కాదు, నూకరత్నానిది కాదు, తనది. వల తన చేతులనే చూసి నేర్చుకుంది. ఈ రోజే అన్ని ఎరుకవలలూ పైకి తీయించాలి. పాఠం మళ్ళీ మొదటి నుంచి, ఈసారి ఈ ఊరి వాళ్ళ చేతులతో జరగాలి.

రేవు అంతటా మోగిన చప్పట్లు పలకలోంచి వినబడ్డాయి. "ఎంత పెద్ద మనసు సార్ మీది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు కళ్ళు తుడుచుకుంటూ.

నూకరత్నం చప్పట్లు కొట్టలేదు. "పెద్ద మనసుకేటి గానీ, ఆ నలుగురి పడవల సంగతేటి బాబూ? అప్పలకొండ బావ పడవ పోయిన్నుంచీ గుమ్మం దాటి రాట్నేదు. అతనికెవులు సెప్తారు?"

"నేనే వెళ్ళి చెప్తాను," అన్నాడు సుధీంద్ర.

అప్పుడు అతని చెవిలో వల మళ్ళీ మెల్లగా మాట్లాడింది. "ఇది కూడా నేర్చుకున్నానండీ. తప్పు ఒప్పుకోవాలంటే ముందు దీపం వెలగాలి."

సుధీంద్ర ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. ఆ మాట ఇంకెవరికీ వినబడలేదు. పోనీలే, ఎవరూ వినలేదని అతని ప్రాణం ఒక్క క్షణం తేలికపడింది. తేలికపడ్డ సంగతి తనకే తెలిసొచ్చి, ఆ ఆకుపచ్చ వెలుగులో తలెత్తలేకపోయాడు.