ఉప్పు కాపడం

నాచారంల మా గల్లీకి ఒకదిక్కు ఫ్యాక్టరీ గోడ. షిఫ్టు వదిలినంక జర సద్దుమణుగుతది, నాకు గదే సుఖం. ఆ దినం గూడ గట్లనే ఉండె. ఉప్పల్ నుంచి నర్సు హరిచందన వచ్చి, మా ఆయన దయాకర్ వీపు మీద కొత్త పట్టీ అంటించింది. క్యాన్సర్ ఆయన వెన్నుపూసలకు పాకింది. గా చిన్న పట్టీల ఉన్న మందు ఒంట్లకు కొంచెం కొంచెం దిగుతుంటేనే ఆయన నాలుగు ముద్దలు తింటడు, కన్ను మూస్తడు.

"అక్కా, దీని మీద వేడి తగలకూడదు. ఎండ, వేడినీళ్ల బ్యాగు, కాపడం, ఏవీ వద్దు. వేడికి మందు ఒక్కసారే దిగిపోతుంది," అన్నది.

"కాపడం పెట్టే మనిషి పోయింది గద సిస్టర్," అన్న.

పోయింది మా అత్త సాలమ్మ. కొడుకు ఒళ్లు నొచ్చిందంటే చాలు, పెంక మీద దొడ్డుప్పు, వావిలాకు వేయించి మూటగట్టేది. ఉప్పు చిటపటమన్నంతసేపు ముట్టనియ్యకపోయేది. "సప్పుడు ఆగినంకనే అది అక్కరకొస్తది," అనేది. కొడుకంటే పానం. నేనంటే... పోనియ్, సచ్చినోళ్ల మీద చాడీలెందుకు. మొన్న వానకాలం ఆమె కాలం చేసింది. పెంక, మూటబట్ట నేనే పారేసిన.

పట్టీకంటే ముందు మార్ఫిన్ గోలీలుండె. అప్పుడు ఆయన చేతులు ఊకె అదిరిపడేటియి. ఒళ్లు ముట్టుకుంటే మొత్తుకునేటోడు. మంచం కాళ్లకాడ అమ్మ కూసున్నదని ముచ్చట పెట్టేటోడు. వాడకట్టోళ్లు మౌలాలి గుట్ట మీది దర్గాకు పోయి తాయెత్తు తెమ్మన్నరు. నాకు ఒళ్లు మండింది. సచ్చి గూడ నా ఇల్లు వదలదా అని గోడల్ని తిట్టిన.

హరిచందనే విడమరిచి చెప్పింది. "మాత్ర ఒంట్లో పని చేశాక విరిగి వేరే పదార్థాలుగా మారుతుందక్కా. వాటిని కిడ్నీలు బయటికి పంపాలి. ఈయన కిడ్నీలు పంపలేకపోతున్నాయి. ఆ మిగిలిపోయినవే మెదడుకెక్కి ఇలా ఆడిస్తున్నాయి."

డాక్టరు గోలీలు బంద్ జేసి పట్టీ రాసిండు. కొన్ని దినాలకే చేతులు నిమ్మళించినయ్. "అమ్మ వస్తలేదు త్రివేణీ," అన్నడు ఆయన, చిన్నపిల్లగాని లెక్క ముఖం పెట్టి. నేను మాత్రం ఆ పూట కడుపునిండ తిన్న. ఆయన ఎంతకాలం ఉంటడో డాక్టరు చెప్పలే. ఉన్నన్ని దినాలు నా కండ్లముందు ఊపిరితోని ఉండాలె, నాకు గంతే కావాలె.

సిస్టర్ కొత్త పట్టీ అంటిచ్చిపోయిన దినం మునిమాపు గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది. మిద్దె మీద బట్టలు తీస్తుంటే పక్కింటి రేకుల మీద చినుకులు పడ్డట్టు చిటపట... చిటపట... చెయ్యి చాపిన. తడి లేదు. నేల గూడ పొడిగనే ఉంది. వాసన మాత్రం వచ్చింది. మట్టివాసన కాదు. మాడిన వావిలాకు వాసన.

సప్పుడు ఆగింది.

బట్టలు ఆడనే పడేసి ఉరికిన.

అర్రంత చీకటి. ఫోన్ లైటు ఏసిన. ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ముఖంల నవ్వు. జబ్బు పడ్డంక ఆ ముఖంల గంత సుఖం నేను చూడలే. "ఏమయ్యా..." పలకలే. ఛాతీ మీద చెయ్యి పెట్టిన. లేచింది... దిగింది... మళ్ల లేవలే. పట్టుకొని ఊపితే ఒక్క ఊపిరి. మళ్ల ఏం లేదు.

వీపు కాలుతుంది. పట్టీ చుట్టు ఎర్రగ, గుండ్రంగ వాత. దుప్పటి మీద చేతికి గరగర తగిలితే నాలికకు అంటిచ్చుకొని చూసిన. ఉప్పు.

ఫోన్ల హరిచందన గొంతు మారిపోయింది. "పట్టీ పీకేసి తడిబట్టతో తుడవండక్కా. కంటిపాప ఎలా ఉంది?"

"సూదిమొనంత."

"మందు ఎక్కువైపోయింది. ఊపిరి తీసుకోమని చెప్పడం మెదడు మానేస్తోంది. ఆయనకి ఆ ఇబ్బంది కూడా తెలీదు, హాయిగానే ఉంటుంది. పేరు పెట్టి పిలవండి, గిల్లండి, ఊపిరి తియ్యమని చెప్తూ ఉండండి. విరుగుడు ఇంజెక్షన్ తీసుకుని వచ్చేస్తున్నా."

గప్పట్నుంచి ఆయన మెదడు చేసే పని నేను చేసిన. "తియ్..." అంటే తీసిండు. నేను ఆగితే ఆగిండు. "తియ్యయ్యా... దయాకర్... తియ్..." ఏనాడు మొగని పేరు పెట్టి పిలవనిదాన్ని, ఆ పూట నోరెండేదాక పిలిచిన. నేను పిలిచినప్పుడల్లా మంచం కాళ్లకాడ నుంచి ఎవరో మెల్లగ అన్నరు.

"పండనియ్యే... వాణ్ని పండనియ్యి..."

నేను అటు చూడలే. చూస్తే ఒక ఊపిరి తప్పుతది.

హరిచందన వచ్చి సూదేసింది. ఆయన ఉలిక్కిపడి కండ్లు తెరిచిండు. నొప్పంత ఒక్కసారి తిరిగొచ్చింది. మూలుక్కుంట నా చెయ్యి పట్టుకున్నడు. "అమ్మ కాపడం పెట్టింది. మస్తు హాయిగుండె. నువ్వెందుకు లేపినవ్?"

హరిచందన నా దిక్కు చూసింది. "కాపడం వద్దన్నాను కదక్కా." ఒట్టేసిన. నా ఇంట్ల దొడ్డుప్పే లేదన్న. నమ్మలే. "పాత గోలీల మిగులు ఇంకా లోపల ఉండి గిట్ల కనబడ్డదా సిస్టర్?" అని అడిగిన.

"అవెప్పుడో పోయాయి. అయినా మెదడులో ఉన్నవి వీపు కాలుస్తాయా?" అన్నది.

దవాఖానల పెట్టుకొని, నిమ్మళించినంక ఇంటికి పంపిన్రు. నొప్పికి ఆగలేక ఆయన మొత్తుకుంటుంటే ఈ పొద్దున మళ్ల పట్టీ ఏసిన్రు. ఈసారి చిన్నది, రొమ్ము మీద, అంగీ లోపల.

ఇయ్యాల మునిమాపు ఆయన పక్కన కూసొని జామపండు కోస్తున్న. ఆయన కండ్లు తెరిచిండు. నన్ను దాటి, మంచం కాళ్ల దిక్కు చూసి, ఏదో విన్నట్టు తల ఊపిండు.

"త్రివేణీ... అమ్మ అడుగుతుంది. ఈసారి పట్టీ యాడ పెట్టిన్రని."

"చెప్పకయ్యా," అన్న.

"చెప్పిన," అన్నడు.

ఆయన రొమ్ము మీద నా రెండు చేతులు బోర్లిచ్చి కూసున్న. గ్యాస్ సిలిండరు బంద్ జేసే ఉంది. పెంక ఇంట్ల లేదు. అయినా వంటింట్ల చిటపట... చిటపట... వినబడుతనే ఉంది. అది వినబడ్డంతసేపు ఫికర్ లేదు.

ఇప్పుడే ఆగింది.